వెనక్కి తిరిగే ఓడలు

అరవై దగ్గరపడుతున్న ఆడమనిషి పొద్దుటే క్యారేజీ పట్టుకుని ఆఫీసుకెళ్ళి, సాయంత్రం దాకా సముద్రం మీద యుద్ధాలు చేసి ఇంటికొస్తుందంటే మా చర్చిలో ఎవరూ నమ్మేవారు కాదు. "టీచరుగారండీ, నిజంగా ఆటలాడితే జీతమిస్తారా?" అని ప్రతి ఆదివారం ఎవరో ఒకరు అడిగేవారు. "ఆడితే ఇవ్వరమ్మా, ఆటలో తప్పులు పడితే ఇస్తారు" అనేదాన్ని. అది మాత్రం వెంటనే నమ్మేవారు. తప్పులు పట్టడంలో నాకున్న పేరు అలాంటిది.

ఈ ఏడే రిటైరయ్యాను. గేమ్ కంపెనీల్లో చేరాలనుకునే పిల్లలు నా దగ్గరికొచ్చి ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. కోడింగ్ చెప్పేవాళ్ళు వీధికొకరున్నారు, వాళ్ళనడగండి. నేను మీకు మా పొరపాటు ఒకటి చెబుతాను. ముగ్గురం కలిసి చేశాం, ముగ్గురికీ అది పొరపాటని తెలియలేదు. తెలిశాక దాన్ని దిద్దుకోవడానికి మనసొప్పలేదు.

నా సొంతూరు కొత్తపేట. రాజోలులో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను. అది మానేసి ఇంట్లో కూర్చుని టీవీతో గొడవపడుతున్న రోజుల్లో నా పాత శిష్యురాలొకమ్మాయి వచ్చింది. బండారులంక అమ్మాయి, నేతపని వాళ్ళ ఇంటి పిల్ల. హైదరాబాదులో పెద్ద గేమ్ కంపెనీలో పనిచేసి, అది వదిలేసి వచ్చి, రాజోలులో మందుల షాపు మీద మేడ అద్దెకు తీసుకుంది. సొంతంగా ఆట తయారుచేస్తుందట.

"టీచరుగారండీ, ల్యాబులో మీరు మా వెనకాల వచ్చి నిలబడితే చాలు, ఎక్కడ తప్పు చేసేమో మాకే తెలిసిపోయేది. ఇప్పుడూ వచ్చి అలాగే నిలబడండి" అంది.

"నిలబడలేనమ్మా, మోకాళ్ళు నొప్పులు. కుర్చీ వేస్తే వస్తాను" అన్నాను. మర్నాడు వెళ్ళేసరికి కుర్చీ వేసి, దాని మీద దిండు కూడా పెట్టింది.

ఆఫీసులో మేం ముగ్గురమే. బొమ్మలు వేసేవాళ్ళూ సంగీతం చేసేవాళ్ళూ వేరే ఊళ్ళ నుంచి పంపించేవారు. మూడో మనిషి కోడ్ రాసే ఆయన. ఆలమూరు నుంచి రోజూ మోటారుసైకిల్ మీద వచ్చేవాడు. వరి పండించే కుటుంబం. మాటలు తక్కువ. ఏం చెప్పినా "ఆయ్" అనేవాడు, తర్వాత తనకేది సరైనదనిపిస్తే అదే చేసేవాడు. చూస్తే తనదే సరైనదై ఉండేది. మొదట్లో ఒళ్ళు మండేది, తర్వాత్తర్వాత గౌరవం పుట్టింది.

ఆట గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. సముద్రం, దీవులు, రేవులు. మన ఓడల దండు ఒకటి, కంప్యూటర్ నడిపే శత్రువుల దండు ఒకటి. యుద్ధనౌకలతో పాటు ఇంధనం మోసే చిన్న ఓడలు కూడా ఉంటాయి. ఎదుటివాళ్ళ రేవు పట్టుకున్నవాళ్ళు గెలిచినట్టు. చెప్తే ఇంతే. ఆ అమ్మాయి దాన్ని తయారుచేసిన తీరు చూడాలి. వాళ్ళింట్లో చీర అంచుకి గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపి బొమ్మ గీసేవారట. ఈమె సముద్రాన్ని కూడా అలాగే గీసింది. ఏ గడిలో లోతెంత, పోటు వచ్చినప్పుడు ఏ గడి మునుగుతుంది, వానాకాలం వెళ్ళాక నది సముద్రంలో కలిసేచోట ఇసుక మేట ఎక్కడికి జరుగుతుంది, అన్నీ అందులో ఉండేవి. మొన్నటి దాకా దారి ఉన్నచోట ఇవాళ ఓడ దిగబడిపోతుంది. గోదావరి పక్కన పుట్టని మనిషికి ఆ ఆలోచన రాదని నేనిప్పటికీ అంటాను.

నా పని తిక్కతిక్కగా ఆడటం. తెలివైనవాడు ఎలా ఆడతాడో రాసినవాడికి ముందే తెలుసు. తిక్కవాడు ఏం చేస్తాడో మాత్రం తెలియదు. అందుకని నేను ఓడని తిన్నగా కొండకేసి కొట్టేదాన్ని, ఇంధనం లేకుండా యుద్ధానికి పంపేదాన్ని, నా రేవు మీద నేనే గుండ్లు వేయించేదాన్ని. ఒకసారి నా ఓడ ఒడ్డెక్కి కొబ్బరితోటలోంచి వెళ్ళిపోయింది. ఆలమూరాయన వచ్చి చాలాసేపు చూసి, "బాగానే వెళ్తందండి" అన్నాడు. ఆ రోజు మేం నవ్విన నవ్వుకి కింద మందుల షాపాయన పైకొచ్చి చూసి వెళ్ళాడు.

ఆట విడుదలైంది. మేమనుకున్నదానికంటే ఎక్కువమందే ఆడారు. ఎక్కడెక్కడి నుంచో మెచ్చుకుంటూ రాశారు. నేవీలో పనిచేసి మానేసిన పెద్దాయన ఒకరు, ఆ ఇసుక మేటలు చూశాక ఇది సముద్రం తెలిసినవాళ్ళ పని అని అర్థమైందని రాస్తే, బండారులంక అమ్మాయి అది నాకు వినిపించి కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను, అయితే కళ్ళద్దాలు తుడుస్తున్నట్టు నటించాను.

కొన్ని నెలలకి ఒక కుర్రాడు వీడియో పెట్టాడు. చాలా హుషారైనవాడు. 'ఈ ఆటని చిటికెలో గెలవడం ఎలా' అని దాని పేరు. శత్రువుల పెద్ద ఓడల జోలికి పోనక్కర్లేదట. వెనకాల వచ్చే చిన్న ఇంధనం ఓడని ఒక్క దెబ్బ కొట్టి కదలకుండా చేస్తే చాలు, ముందు వెళ్ళిపోయిన మొత్తం దండు వెనక్కి తిరిగి దానికోసం వచ్చేస్తుంది. ఈలోపు మనం చుట్టుతిరిగి వాళ్ళ రేవు పట్టేసుకోవచ్చు. వీడియోలో నాలుగు యుద్ధాలు అలాగే గెలిచి చూపించి, విరగబడి నవ్వాడు.

ముగ్గురం కలిసి చూశాం. చూసి ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"ఇందులో తప్పేంటండి?" అన్నాడు ఆలమూరాయన.

"అదే నేనూ చూస్తున్నా. ఒక ఓడ ఉండిపోయింది. వెనక్కి తిరగాలి కదా మరి" అంది అమ్మాయి.

నేను కూడా అదే అనుకున్నాను. ఆటని అన్ని నెలలు తిరగేసి మరగేసి ఆడినదాన్ని, ఆ దండు వెనక్కి తిరగడం ఎన్నిసార్లు చూశానో. ఒక్కసారి కూడా అది తప్పుగా అనిపించలేదు. ఓడ కొబ్బరితోటలోకి వెళ్తే పట్టుకున్నాను గానీ ఇది పట్టుకోలేదు. ఆ నియమం పెట్టమని ఆలమూరాయనకి ఎవరూ చెప్పలేదు. ఓడలు ఎలా కదలాలో రాసేటప్పుడు, ఒకటి ఉండిపోతే మిగతావి తిరగాలి అని ఆయన చెయ్యి దానంతటదే రాసేసింది.

ఎందుకో బయటివాళ్ళకి చెప్పాలి. మాకు బళ్ళనీ మనుషుల్నీ గోదావరి దాటించే పంట్లు ఉన్నాయి. చిన్నప్పటి నుంచి వాటి మీదే పెళ్ళిళ్ళకి వెళ్ళాం, పరీక్షలకి వెళ్ళాం, ఆసుపత్రులకి వెళ్ళాం. పంటు రేవు వదిలేశాక గట్టు మీంచి ఎవరైనా కేకేస్తే, మరీ దూరం పోకపోతే, పంటు నడిపే సరంగు వెనక్కి తిప్పుతాడు. ఎక్కినవాళ్ళు గొణుగుతారు, విసుక్కుంటారు. పోనీలే వదిలెయ్ అని మాత్రం అనరు. మేం చూసిన పెద్ద పడవ అదొక్కటే. యుద్ధనౌకలు రాయమంటే మేం పంటునే రాశాం.

సరే, రెండో భాగం తయారుచెయ్యాలన్న మాట వచ్చింది. మొదటి ఆటని ప్రచురించిన హైదరాబాదు కంపెనీవాళ్ళే రెండోదానికీ ముందుకొచ్చారు. సంగతి బయటికి పొక్కగానే ఆడేవాళ్ళ ప్రశ్నలు మొదలయ్యాయి. జలాంతర్గాములు ఉంటాయా? తుఫాను వస్తుందా? ఇద్దరం కలిసి ఆడొచ్చా? కెప్టెన్లు తెలుగులో మాట్లాడతారా? ఇసుక మేటలు తీసెయ్యరు కదా? ప్రశ్నలు చదువుతుంటే పండగకి కొత్తబట్టలడిగే పిల్లలు గుర్తొచ్చేవారు. ఇక ఆ వెనక్కి తిరిగే ఓడల మీదైతే రెండు ముఠాలు. సగం మంది అది తెలివితక్కువ, తీసెయ్యమని. సగం మంది ముట్టుకోవద్దని. ఒకామె రాసింది: "ఆ చిట్కా నాకూ తెలుసు. కానీ చిన్న ఓడని కొట్టలేకపోతున్నాను. వాళ్ళొస్తారని తెలిశాక చెయ్యి రావడం లేదు."

హైదరాబాదు కంపెనీవాళ్ళు మాత్రం తీసెయ్యమనే వాళ్ళవైపే. వాళ్ళ తరఫున ఒకాయన, నలభై ఏళ్ళుంటాయి, రాజోలు వచ్చాడు. మర్యాదస్తుడు. నేను లోపలికి రాగానే లేచి నమస్కారం పెట్టాడు కాబట్టి మొదట్లోనే నాకు నచ్చాడు. తయారవుతున్న రెండో భాగం చూపించాం. కొత్త సముద్రం, తుఫానులు, పొగమంచు. ఆయన కుర్చీలో ముందుకి జరిగి, చిన్నపిల్లాడిలా చూశాడు. "ఇంత బాగా ఎలా చేశారండీ!" అని రెండుమూడుసార్లు అన్నాడు.

ఆ తర్వాత ఆడటం మొదలుపెట్టాడు. ఇంధనం ఓడని ఒక్క దెబ్బ కొట్టాడు. దండు మొత్తం వెనక్కి తిరిగింది. ఈయన వెళ్ళి రేవు పట్టుకుని, మా వైపు తిరిగాడు.

"ఇది తీసెయ్యాలండి. మొదటి భాగానికి జనం క్షమించారు. రెండోదానికి క్షమించరు. తెలివిలేని శత్రువుతో ఎంతసేపు ఆడతారు?"

ఆలమూరాయన "ఆయ్" అన్నాడు. ఆయన 'ఆయ్' సంగతి మాకు తెలుసు కాబట్టి నేనూ అమ్మాయీ నేలచూపులు చూశాం.

హైదరాబాదాయనకీ అనుమానం వచ్చినట్టుంది. "నా చేతుల్లో కూడా ఏం లేదండి. రేపు పొద్దుట మా వాళ్ళతో మీటింగ్ ఉంది. తీస్తామంటే రెండో భాగం ఉంటుంది. తియ్యం అంటే మేం చెయ్యలేం. రాత్రి ఆలోచించుకుని ఫోన్ చెయ్యండి" అన్నాడు మెల్లగా.

అమ్మాయి మొహం పాలిపోయింది. హైదరాబాదు ఉద్యోగం వదులుకుని, ఇంట్లో అందరితో మాటలు పడి, ఈ మేడ మీద కట్టుకున్నది ఆ ఆటొక్కటే. రెండో భాగం లేకపోతే మేడ ఖాళీ చెయ్యడమే. మేడ వెనక వంటగది గుమ్మం దగ్గర నాతో నిలబడి, "తీసేద్దామండీ. ఏముంది, ఒక నియమమే కదా" అంది. అంటున్నప్పుడు నా కళ్ళలోకి చూడలేదు.

భోజనం చెయ్యకుండా మనిషిని పంపడం మా ఇళ్ళలో లేదు. ఆయన వద్దంటుంటే కూర్చోబెట్టి వడ్డించాం. పులస కాలం కాదు కాబట్టి మామూలు చేపలతో సరిపెట్టుకోమని, గుత్తి వంకాయ కూడా చేశామని, పెరుగు లేకుండా లేవకూడదని, ఇలా అడ్డం పడుతూనే ఉన్నాం. అవతలి గట్టున నరసాపురంలో ఆయనకి సాయంత్రం రైలు. సఖినేటిపల్లి రేవులో పంటెక్కితే దగ్గరదారి. కారులో అందరం ఆయన్ని దింపడానికి వెళ్ళాం. మేం రేవులోకి దిగేసరికి పంటు వదిలేసింది. మధ్యలో నీళ్ళు కనిపిస్తున్నాయి.

"అయ్యో, వెళ్ళిపోయిందే! ఇంక రైలు పోయినట్టే" అన్నాడాయన. పాపం, మీటింగ్ కూడా పోయినట్టే.

అప్పుడు ఆలమూరాయన, రోజు మొత్తానికి పది మాటలు మాట్లాడని మనిషి, నీళ్ళ అంచుదాకా పరిగెత్తి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుని ఒక కేక వేశాడు. "ఓ... సరంగుగారోయ్! ఒకరున్నారండోయ్!" ఆ గొంతు ఆయనలో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

పంటు ఒక్క క్షణం అలాగే వెళ్ళింది. తర్వాత నెమ్మదిగా తల తిప్పింది. మోటారుసైకిళ్ళు, కాలేజీ ఆడపిల్లలు, కొబ్బరికాయల బస్తాలు, ఒక ట్రాలీ ఆటో, అంతా కలిసి మా వైపు తిరిగి వచ్చేస్తున్నారు. ఎంతమందికి ఎన్ని పనులున్నాయో. హైదరాబాదాయన అటు చూసి, ఒకసారి మా వైపు చూసి, మళ్ళీ అటే చూస్తూ నిలబడిపోయాడు.

పంటు గట్టుకి తగలగానే ముందున్న పెద్దాయన విసుక్కున్నాడు. "కాస్త ముందు బయల్దేరొచ్చు కదండీ బాబూ!" అంటూనే ఈయన బ్యాగు అందుకుని తన బస్తా మీద పెట్టుకున్నాడు.

ఈయన సిగ్గుపడిపోయి, "సారీ అండి, నా వల్ల మీ అందరికీ ఆలస్యమైంది" అన్నాడు.

చేపల బుట్టతో కూర్చున్న ఒకావిడ జరిగి చోటిచ్చింది. "పర్లేదండీ, ఎక్కండి. రేపు మేవూ ఆలస్యంగా వత్తాం కదండీ" అంది.

పంటు మళ్ళీ వదిలింది. మేం ముగ్గురం గట్టు మీదే నిలబడ్డాం. దూరమైపోతున్నా ఆయన మా వైపే చూస్తున్నాడని తెలుస్తోంది. దేవుడి మీద ప్రమాణం చేసి చెబుతున్నాను, మేం ఆయన్ని కావాలని ఆలస్యం చెయ్యలేదు. పెరుగు దగ్గర కొంచెం ఎక్కువ బలవంతపెట్టిన మాట నిజం.

తీసేస్తామని ఫోన్ చెయ్యాల్సిన అమ్మాయి ఆ రాత్రి చెయ్యలేదు. పొద్దుట ఆయనే చేశాడు. మీటింగ్‌లోకి వెళ్తూ చేశాడట. తీస్తారా తియ్యరా అని అడగలేదు. వేరే ప్రశ్న వేశాడు.

"మీ ఆటలో వెనక్కి తిరిగేది శత్రువుల ఓడలేనా అండీ? మన ఓడలు తిరగవా?"

ఫోన్ స్పీకర్లో ఉంది. ముగ్గురం విన్నాం. నిజమే, ఆడేవాడి ఓడ ఉండిపోతే అది ఉండిపోతుందంతే. మిగతా దండు ముందుకే పోతుంది. మా రేవు మనుషులందర్నీ తీసుకెళ్ళి శత్రువుల వైపు పెట్టి, ఆడేవాణ్ణి దిక్కులేనివాణ్ణి చేశాం. తప్పు అదీ! ఇన్నాళ్ళూ తిట్టినవాళ్ళూ మెచ్చుకున్నవాళ్ళూ ఎవరూ పట్టుకోని తప్పు, తప్పులు పట్టి జీతం తీసుకున్న నేనూ పట్టుకోని తప్పు, పంటెక్కి వెళ్ళిన మనిషి పట్టుకున్నాడు. ఆయనంటే నాకు అప్పటినుంచి భలే అభిమానం.

"తిరుగుతాయండి. రెండో భాగంలో తిరుగుతాయి" అంది అమ్మాయి.

"అయితే మా వాళ్ళకి నేను చెప్పుకుంటాను" అన్నాడు.

ఆ తర్వాత నెలలు నా ఉద్యోగ జీవితంలో ఎంత బాగున్నాయో చెప్పలేను. ఇప్పుడు మన ఓడ ఒకటి దెబ్బతిని ఉండిపోతే, వెనకనుంచి కేక వినిపిస్తుంది. తిరగడమా, మానడమా, ఆడేవాడి ఇష్టం. తిరిగితే ఆ యుద్ధం పోవచ్చు. అయితే ఒకసారి వెనక్కి తిరిగి కాపాడి తెచ్చుకున్న ఓడ, మరో యుద్ధంలో మనం దిగబడిపోయినప్పుడు ఎవరూ చెప్పకుండానే వచ్చేస్తుంది. చేపల బుట్ట ఆవిడ మాటని అమ్మాయి అలా నియమంగా మార్చింది. ఆ కేక ఎవరిదో మీరు ఊహించే ఉంటారు. ఆలమూరాయన్ని తలుపులేసిన గదిలో నిలబెట్టి అరిపించాం. కింద మందుల షాపాయన మళ్ళీ పరిగెత్తుకొచ్చాడు.

పరీక్షించాలి కాబట్టి నేను ఆ కేక వినీ విననట్టు ముందుకెళ్ళిపోవాలి. రోజుకి ఎన్నిసార్లో. ఇంటికొచ్చాక అన్నం సహించేది కాదు. తిక్కగా ఆడటం నాకు చేతనవును గానీ పాపిష్ఠిగా ఆడటం చేతకాదని ఆ వయసులో తెలిసింది.

విడుదల ఎప్పుడో కూడా ప్రకటించారు. ఇంక కొద్దిగా పని ఉందనగా ఆలమూరాయన ఇంటి నుంచి వస్తూ మోటారుసైకిల్ మీంచి పడ్డాడు. కుడి చెయ్యి, తుంటి విరిగాయి. ప్రాణానికి భయం లేదన్నారు గానీ నెలల తరబడి మంచం. ఓడలు ఎప్పుడు, ఎలా తిరగాలో రాసినదంతా ఆయన తలలోనే ఉంది. వేరేవాళ్ళు కూర్చుంటే చెయ్యలేరని కాదు, అతుకులేసి ఎలాగో పూర్తి చేస్తారు.

అమ్మాయి హైదరాబాదు ఫోన్ చేసి సంగతి చెప్పింది. ప్రకటన ఇచ్చేశాం, ఇంకో మనిషిని పంపిస్తామంటారని నేను అనుకుంటూనే ఉన్నాను. ఆయన ముందు ఏ ఆసుపత్రి, ఎలా ఉన్నారని అడిగాడు. తర్వాత అన్నాడు: "ఆగుదామండి. నేనిక్కడ తిట్లు తింటాను, పర్లేదు."

ఆ ఆగిన రోజుల్లోనే నేను రిటైరయ్యాను. మోకాళ్ళు ఇక మేడ మెట్లు ఎక్కనివ్వలేదు. అయినా ఆడేవాళ్ళ ప్రశ్నలకి జవాబులిచ్చే పని మాత్రం ఇంటి నుంచి నేనే చూస్తున్నాను. ఆలమూరాయన ఎడమ చేత్తో టైపు చేస్తున్నాడు. ఎలా ఉందని అడిగితే "ఆయ్, వచ్చేత్తన్నానండి" అంటాడు. ఈ 'ఆయ్' నిజమైనదే.

మొన్న ఆ చిట్కా వీడియో పెట్టిన కుర్రాడే రాశాడు, కోపంగా: "రెండో భాగం ఎక్కడ? వస్తుందా, ముంచేశారా? చెప్పిన రోజు దాటిపోయింది. ఎవరికోసం ఆగారు?"

నేను రాశాను: "వస్తుంది నాయనా. మా మనిషొకరు ఇంకా గట్టు మీద ఉన్నారు. దెబ్బ తగిలింది, నెమ్మదిగా నడిచొస్తున్నారు. ఎక్కగానే బయల్దేరతాం."

చిన్న ఓడని కొట్టి విరగబడి నవ్వినవాడు కదా, ఏం తిడతాడోనని కూర్చున్నాను. కాసేపటికి జవాబొచ్చింది.

"ఎక్కనివ్వండి. ఆగుతాం."